మొదటి బకెట్టు

కుళాయి తిప్పగానే నీళ్లు పొగలు కక్కుతూ దూకాయి.

“మిద్దెమీది సోలార్ నుంచి ఉడుకునీళ్లు దిగేదాకా ఇన్నాళ్లూ పైపులో నిల్చిన సల్లనీళ్లు బకెట్టెడు వదిలేస్తాంటిరి. ఇంక ఆ బాధ లేదక్కా,” అన్నాడు మారుతి, బాత్రూములో తాను అప్పుడే బిగించిన చిన్న గీజరును తడుతూ.

చంద్రిక మురిసిపోయింది. ట్యాంకరు కోసం కాచుకునే వీధిలో రోజూ బకెట్టు నీళ్లు మిగలడమంటే మాటలా?

వెనక సందులో ఉండే బయమ్మ ఖాళీ బిందెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. రోజూ ఆ చన్నీళ్లు ఆమె బిందెలోకే పోయేవి. గీజరు కొనేటప్పుడు చంద్రికకు ఆ బిందె గుర్తుకే రాలేదు.

“రా బయమ్మా, తొట్టిలోవి ముంచి పోస్తా.”

“వద్దులేమ్మా. పారబోసేవని పట్టుకపోతాంటి. మీరు వాడుకునేటివి ఎట్ల అడిగేది?”

“నువ్వు యాడ అడిగినావు? నేనే ఇస్తాండా!”

“ఈ పొద్దు ఇస్తావు. రేపు ట్యాంకరు రాకపోతే?”

బయమ్మ ఖాళీ బిందెనే చంకనెత్తుకుని వెనుదిరిగింది.

కుళాయి కట్టేస్తూ మారుతి నవ్వాడు.

“చూడక్కా, ఇంక ఒక్క చుక్క గూడా వేస్టు కాదు!”