నూలు బట్టలు చాలు

సూట్‌కేసు మీద మనిషి కూర్చుంటే తప్ప మూత పడేలా లేదు. లైబ్రేరియన్ కూర్చున్నాడు. పెట్టె మూలిగింది గానీ మూత పడలేదు.

మూడు రోజుల ప్రయాణం. పెట్టెలో రెండు స్వెట్టర్లు, రెయిన్‌కోటు, మడిచే గొడుగు, మడవని గొడుగు, మంకీ క్యాపు, చలవ కళ్లద్దాలు, నాలుగు జతల సాక్సులు ఉన్నాయి. చొక్కాలకే చోటు లేదు.

మంచం అంచున కూర్చున్న భార్య చేతిలో ఒక పుస్తకం ఉంది. ఆ నగరం చూడబోయేవాళ్ల కోసం రాసినది. అక్కడికి వెళ్లే ప్రతివాడి సంచిలోనూ ఉంటుంది. ఇప్పటికి తొమ్మిదిసార్లు అచ్చయింది. ఆవిడ పన్నెండో పేజీలో ఈ నెల గురించి ఉన్న చోటు తీసి, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చదివింది.

"'ఇక్కడ గంటకో వాతావరణమని బెదరగొట్టేవాళ్లు చాలామంది. నమ్మకండి. ఈ నెలలో పలచటి నూలు బట్టలు చాలు. స్వెట్టర్ మోసుకెళ్లడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.' విన్నారా? ఆ స్వెట్టర్లు తీసెయ్యండి మరి."

"రాసేవాడికేం, రాస్తాడు. వణికేది వాడా?"

"అలా అనకండి. పాపం, ఎంత తిరిగి రాశారో."

లైబ్రేరియన్ ఇంకో జత సాక్సులు మూలకు కుక్కాడు.

ఆ ఊరికి అతను వెళ్లడం ఇదే మొదలు. చెల్లెలి కాపురం అక్కడికి మారి ఎనిమిదేళ్లయింది. రమ్మన్నప్పుడల్లా ఒకసారి నడుం నొప్పి, ఒకసారి లైబ్రరీలో తనిఖీ. ఆ ఊరి పేరెత్తితే చాలు, అతనికి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. ఈసారి మాత్రం చెల్లెలు, "నువ్వు రాకపోతే నాకు అన్నయ్యే లేడనుకుంటాను" అంది. చలి వంక పెడదామనుకునేలోపే భార్య టికెట్టు తెచ్చి చేతిలో పెట్టింది. ఇక తప్పేది లేక, యుద్ధానికి వెళ్లేవాడు కత్తీ డాలూ సర్దుకున్నట్టు గొడుగులు సర్దుకున్నాడు.

పొద్దుటి రైలు. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ. రిటైరైన లెక్కల టీచరు. ఒంటి మీద పలచటి నూలు బట్టలు, పక్కన చిన్న చేతిసంచి. అంతే సామాను. ఒళ్లో బ్రౌన్ పేపరు అట్ట వేసిన పుస్తకం ఉంది. తెరిస్తే పేజీ పేజీకీ పెన్సిలు గీతలు.

ఇంట్లో వదిలించుకొచ్చిన పుస్తకం రైల్లో ఎదురైంది.

"మీరూ అక్కడికేనా బాబూ?" అంది టీచరు. "ఒక్కదాన్నీ ఇంత దూరం రావడం నాకిదే మొదలు. మావారున్నన్నాళ్లూ 'పుస్తకంలో చూశావుగా, చాలదా' అనేవారు. ఆయన పోయి ఏడాదైంది. పదకొండేళ్లుగా చదువుతున్నాను కదా, ఆ ధైర్యంతో బయల్దేరాను."

"పుస్తకాల్లో ఉన్నవన్నీ నిజాలు కావమ్మా."

"ఈయన అలాంటివారు కాదు. నలభై మూడో పేజీ చూడండి. గడియార స్తంభం పక్కన మెట్లు నూట పదమూడట. వెళ్లి చూడకుండా అంత ఖచ్చితంగా ఎవరు రాస్తారు? లెక్కల టీచర్ని, నాకు తెలీదూ?"

లైబ్రేరియన్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"మెట్లెక్కాక ఎడమ చేతి వైపు కాఫీ కొట్టుంటుందట. అక్కడ కూర్చుని కాఫీ తాగాలని పదకొండేళ్ల కోరిక. ఉంటుందంటారా?"

"ఉంటే బాగుండును" అన్నాడు లైబ్రేరియన్. అంత మనస్ఫూర్తిగా అతను ఏడాది కాలంలో ఏ మాటా అనలేదు.

మధ్యాహ్నానికి రైలు కొండలెక్కింది. ఎండ పోయి మంచు కమ్మింది. మంచు పోయి వడగళ్లు పడ్డాయి. కిటికీ సందుల్లోంచి గాలి సూదుల్లా దూరింది. టీచరు ముందు చేతులు కట్టుకుంది. తర్వాత సంచిని గుండెకు అదుముకుంది. కాసేపటికి పళ్లు టకటకమన్నాయి.

"బాగా చలిగా ఉన్నట్టుందమ్మా మీకు."

"ఈ నెలలో చలి ఉండదు బాబూ, రాశారు కదా. వయసు మీద పడింది, నాకే అలా అనిపిస్తోంది."

ఆ మాటకు లైబ్రేరియన్ లేచాడు. పెట్టె తెరవగానే లోపలి సరుకంతా బయటికి దూకింది. మంకీ క్యాపు పక్కాయన ఒళ్లో పడింది. పక్కాయన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి అందించాడు. లైబ్రేరియన్ దళసరి స్వెట్టర్ ఏరి ఆవిడకిచ్చాడు.

"వేసుకోండి. ఈ చలి మీ వయసుది కాదు, ఊరిది. పుస్తకంలోనే తప్పుంది."

"ఆయన్నేం అనకండి" అంటూనే ఆవిడ వేసుకుంది. స్వెట్టర్ మోకాళ్లదాకా వచ్చింది. వణుకు మెల్లగా తగ్గింది. "ఎంత ముందుచూపు బాబూ మీది" అని మెచ్చుకుంది.

పిరికితనానికి ముందుచూపని పేరు రావడం అతని అనుభవంలో అదే మొదలు. ఆ మెప్పు వాత పెట్టినట్టు తగిలింది.

స్టేషన్లో దిగేసరికి కుండపోత. మడవని గొడుగు కూడా ఆవిడ చేతిలో పెట్టాడు. ప్లాట్‌ఫారం చివర చెల్లెలు చెయ్యూపుతోంది. అతను సెలవు తీసుకోబోయాడు.

టీచరు దారికి అడ్డం నిలబడింది. "ఇవన్నీ మీకు తిరిగి పంపాలిగా? పేరూ, అడ్రసూ రాసివ్వండి."

"ఉంచుకోండమ్మా, పర్వాలేదు."

"ఊరికే తీసుకోవడం నాకలవాటు లేదు. కాగితం లేదుగానీ, ఇదిగో, దీంట్లో రాయండి."

పుస్తకం అతని చేతిలో పడింది. ఏదో ఒక పేరు గిలికేసి బయటపడొచ్చు. ఆ బుద్ధి కూడా పుట్టింది. స్వెట్టర్ పొడుగు చేతుల్లోంచి ఆవిడ వేలికొసలు మాత్రం కనిపిస్తున్నాయి. నూట పదమూడు మెట్లెక్కడానికి వచ్చిన మనిషి.

లైబ్రేరియన్ మొదటి పేజీ తెరిచి, చిరునామా ఒక్కటే రాసిచ్చాడు. పేరు అప్పటికే అక్కడ, 'రచయిత' అన్న మాట పక్కన, అచ్చయి ఉంది.