నడుమ మచ్చు

ఇంటర్ రెండో ఏడాది పిల్లలందరూ సీటు కోసం ఆ నెలలో తమ జీవితంలోంచి ఒక రోజును డిగ్రీ కాలేజీలకు పంపాలి. పుట్టినప్పటి నుంచీ ప్రతి రోజునూ వీడియో తీసి దాచిపెట్టిన ఇంటి యంత్రం, హిమజ బహుమతి అందుకున్న రోజును ఎంచిపెట్టింది.

గుంటూరు మిర్చి వ్యాపారి మస్తాన్‌రావు, కూతురి పక్కన కూర్చుని అది చూసి పెదవి విరిచాడు.

“అందరూ బహుమతులే పంపుతారమ్మా. పై కాయలు చూసి ఎవడు కొంటాడు? బస్తా నడుమ చెయ్యి పెట్టి తీసిందే మచ్చు. ఏదో ఒక రోజు తియ్యమను.”

“నాన్నా, ఇది నా సీటు, నీ మిరపకాయలు కాదు!” అంటూనే హిమజ యంత్రానికి ఆ మాట చెప్పింది.

అది కిందటేడు ఒక మంగళవారాన్ని తీసింది. అందులో హిమజ సీసాలోని వానపాములకు నీళ్లు చిలకరిస్తూ, మట్టి గురించి చదువుతానని నెమ్మదిగా చెబుతోంది. “వానపాముల్ని మేపుకుంటావా? కొట్టెవరు చూస్తారే?” అని మస్తాన్‌రావు అరుస్తున్నాడు.

“ఇది వద్దులే నాన్నా. నిన్ను ఏమనుకుంటారు?” అంది హిమజ.

మస్తాన్‌రావు మెడ తడుముకున్నాడు. మరో రోజు తియ్యమనడం తేలికే. కానీ నచ్చినది దొరికేదాకా తీస్తే దాన్ని మచ్చు అనరు.

“కాయ బాగుంది తల్లీ. పక్కన రంగు పోయిన తాలుకాయ ఒకటి పడింది, అది నేను. పంపెయ్.”