నల్లజుట్టు పింఛనీదారు

"సామ్యేలు పోయి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు శిరస్తాదారు వీరాస్వామి.

ఎదురుగా నిలబడ్డ మనిషి తెల్లబోయాడు. "నేనేనండి సామ్యేలుని. ఈ కచేరీలోనే గుమాస్తాగా చేసి పింఛను పుచ్చుకున్నానండి."

"అతనికి డెబ్బై దాటి ఉండాలి. నీ తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. తండ్రి పోయిన సంగతి దాచి, కొడుకువి నువ్వొచ్చి పింఛను తింటున్నావు."

వీరాస్వామి ఆ కచేరీకి కొత్త. నడివయసులోనే ఆయన తల ముగ్గుబుట్టయింది, మెట్లెక్కితే ఆయాసం. నిటారుగా నిలబడ్డ ఆ మనిషిని చూస్తుంటే అనుమానంతోపాటు ఒళ్లుమంట కూడా పుట్టింది. బంట్రోతును పిలిచి, పోలీసులకు కబురు పెట్టమన్నాడు.

సామ్యేలు ఇల్లు గడిచేది ఆ పింఛను మీదే. కొవ్వూరు పాదిరిగారు సాక్ష్యం చెబుతారని బతిమాలాడు. శిరస్తాదారు వినలేదు. కనీసం వరండాలో ఉన్న తన భార్యనైనా అడగమని వేడుకుంటే, సరేనని పిలిపించాడు.

నెరిసిన జుట్టుతో, కర్ర పొడుచుకుంటూ పాపాయమ్మ లోపలికి వచ్చింది.

"ఏం మామ్మా, ఇతను నీ కొడుకేనా?"

"మా ఆయనండి," అని ఆమె భర్త వైపు తిరిగింది. "పొద్దుటి నుంచి ఈ మోకాళ్ల నొప్పులతో నన్ను బయట కూర్చోబెడతారా? తలకి కాస్త సున్నం రాసుకు రమ్మంటే విన్నారా? ఏనాడు విన్నారు గనక నా మాట?"

ఆమె అలా అంటూనే ఉంది. సామ్యేలు తల దించుకుని వింటూనే ఉన్నాడు. వీరాస్వామికి ఇక అనుమానం లేకపోయింది. ఆయనా పెళ్లయినవాడే.

బంట్రోతును వెనక్కి పిలిచి, సామ్యేలుకు కుర్చీ వేయించాడు. ఇంత వయసులో ఈ జుట్టు, ఈ ఒళ్లు ఎలా నిలిచాయని మెత్తగా అడిగాడు. గండం గడిచిన సంతోషంలో సామ్యేలు అంతా చెప్పేశాడు. రోజూ గుంటగలగరాకూ ఉసిరికాయా కలిపి పచ్చడి నూరుకు తింటాడట. ఆ ఆకు కొనక్కర్లేదు, కాలువ గట్ల మీద ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. తను మరో ముప్పై ఏళ్లు బతికినా ఆశ్చర్యం లేదన్నాడు.

వరండాలో దగ్గుతూ, వంగిపోయి కూర్చున్న పింఛనీదార్లందరూ మెడలు సాచి వింటున్నారు. వీరాస్వామి వాళ్లకేసి ఒక్కొక్కర్నీ చూసి, ఏదో ఆలోచనలో పడ్డాడు. సామ్యేలు పింఛను మాత్రం మర్యాదగానే ఇప్పించి పంపాడు.

వారం తిరక్కుండానే, ఆకు కోసం వెళ్లిన సామ్యేలుకు కాలువ గట్టు పొడుగునా కూలీలు కనిపించారు. గుంటగలగర మొక్కల్ని వేళ్లతో సహా పీకి కుప్పలు పెడుతున్నారు. నిక్షేపంలాంటి మొక్కల్ని ఎందుకు పీకేస్తున్నారని మేస్త్రీని అడిగాడు.

"కచేరీ ఉత్తర్వండి," అన్నాడు మేస్త్రీ. "ఈ కలుపు ఖజానాని తినేస్తోందంటండి."