బుడబుంగ చావు కబురు

ఆ చెరువులో ఈత పందెం జరిగిన ప్రతిసారీ గోరింక గట్టు మీది తుమ్మకొమ్మ ఎక్కి వార్తలు చెప్పేది. చూసి చెప్పాలన్న పట్టింపు దానికి లేదు, అందరికంటే ముందు చెప్పాలి, అంతే.

ఈసారి పందెం బాతుకీ, బుడబుంగ అనే చిన్న నీటిపిట్టకీ. అవతలి ఒడ్డున ఉన్న తామర మొగ్గను ముందు తాకినవాళ్లదే గెలుపు. పిడికెడంత బుడబుంగను చూసి గట్టు మీది కప్పలు నవ్వాయి. అది పట్టించుకోకుండా నీళ్లలోకి మునిగింది. దాని ఈతంతా అడుగునే.

గోరింక ఒక చూపు చూసింది. బుడబుంగ కనబడలేదు.

"ఇప్పుడే అందిన వార్త. బుడబుంగ మునిగి చనిపోయింది. బాతుగారు గెలిచేశారు."

మొగ్గ ఇంకా జానెడు దూరంలో ఉండగానే ఆ మాట బాతు చెవిన పడింది. వెంటనే అది గట్టెక్కి, దండ కోసం మెడ వంచి నిలబడింది. కప్పలు బుడబుంగ కోసం మౌనం పాటించాయి.

నీళ్ల కింద బుడబుంగకు ఈ గోలేదీ వినబడలేదు. కాళ్లు లాగేస్తున్నా ఊపిరి బిగబట్టి, తామర కాడ కనబడేదాకా ఈదింది. తల పైకెత్తి ముక్కుతో మొగ్గను తాకింది.

చెరువంతా కేకలతో మోగిపోయింది. గోరింక గొంతు సవరించుకుంది.

"బుడబుంగ గెలిచింది. ఈ వార్త అందరికంటే ముందు చెప్పింది మేమే."

"నిజమే బావా," అంది బుడబుంగ. "నేను చచ్చిన సంగతి కూడా నాకంటే ముందు నీకే తెలిసింది."

కప్పలు గొల్లున నవ్వాయి. బుడబుంగ దర్జాగా మళ్లీ మునిగింది. ఈసారి అది పైకి తేలేదాకా గోరింక నోరు మెదపలేదు.