అర మెట్టు కింద

“ఆపవయ్యా! టేపు పరిగెడుతోంది!”

రికార్డిస్టు ఉలిక్కిపడి తిరిగాడు.

స్టూడియో గుమ్మంలో కింది అంతస్తు కుట్టుపని ఆవిడ. చంకలో అతను కుట్టమని ఇచ్చిన తెర.

అతనికి ఒళ్ళు మండింది. మర్నాడే ఈ పాట రికార్డు అచ్చుకి వెళ్ళాలి. ముప్పై ఏళ్ళ కిందటి ప్రోగ్రెసివ్ రాక్ బృందం పాట, మళ్ళీ కొత్తగా వేస్తున్నారు. పాడినవాడు ఎప్పుడో పోయాడు. బేస్ గిటార్ వాయించిన మనిషికి పాత రికార్డు అట్ట మీద ‘గండుతుమ్మెద’ అన్న ముద్దుపేరే ఉంది. అతని కోసం మూడేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాడు.

“తెర అక్కడ పెట్టి వెళ్ళమ్మా.”

“శ్రుతి అర మెట్టు కిందుండాలి. పైకి లాగావు.”

“లాగలేదు, దిద్దాను! ఆనాటి రికార్డింగు మిషను జోరుగా తిరగడంతో ఇప్పుడు పాట కిందికి జారి వినిపిస్తోంది.”

“మిషను బాగానే తిరిగింది. కావాలనే గిటారు తీగల శ్రుతి దించి వాయించారు.”

“నీకెవరు చెప్పారు?”

“పక్కనే ఉన్నాను.”

అతను వెటకారంగా నవ్వాడు. “ఈ ఊళ్ళో వాళ్ళ పక్కన నిలబడనివాడు లేడులే! వాళ్ళు పస్తులున్నప్పుడు మాత్రం ఒక్కడూ కనబడలేదు.”

“ఆ మాట నాకు చెబుతున్నావా?” ఆవిడ గొంతు పెంచింది. “గుహలోంచి వచ్చినట్టుండే గొంతు అది. చంటిపిల్లాడి ఏడుపు చేశావు. దేవుడిచ్చినదాన్ని దిద్దడానికి నువ్వెవరివి?”

“ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాది! కుట్టుమిషను తొక్కుకునేదానివి, నాకు టేపు నేర్పుతావా? బయటికి నడు!”

ఆవిడ తెరని నేలకేసి కొట్టింది. ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాచి ఉన్నాయి. సూదిపోట్లనుకున్నాడు.

మర్నాడు రికార్డు అచ్చుకి వెళ్ళింది. రెండో రోజుకి కింది అంతస్తులో కుట్టుకొట్టు ఖాళీ. ఎక్కడికి పోయిందో పక్కవాళ్ళకీ చెప్పలేదట.

‘పీడా పోయింది’ అనుకున్నాడు.

నెల తిరిగేసరికి దుకాణాల్లోని రికార్డులన్నీ అమ్ముడుపోయాయి. పాత టేపుని డబ్బాలో సర్దేముందు చివరిసారిగా, దిద్దక ముందున్న వేగంతోనే తిప్పాడు. పాట అయిపోయింది. ఎప్పుడూ అక్కడే ఆపేసేవాడు. ఈసారి ఫోను మోగి, ఆపడం మరిచాడు.

టేపులో కుర్చీ జరిగిన చప్పుడు. దగ్గు. తర్వాత ఒక ఆడగొంతు:

“తీగల శ్రుతి దించితే ఎంత హాయిగా పాడావో చూడు అన్నయ్యా! రేపెవడైనా దీన్ని పైకి లాగాడో, వాడి చేతులు విరగ్గొడతాను!”

“అలాగే లేవే, గండుతుమ్మెదా!” గుహలోంచి వచ్చినట్టు నవ్వాడు పాడినవాడు.

ఆ ఆడగొంతులోని కోపాన్ని రికార్డిస్టు నెల కిందటే విన్నాడు, ఇదే గుమ్మంలో, చంకలో తెరతో.