మంత్రిగారు పరిమార్చిన వార్త

డెబ్బై ఎనిమిదిలో, ఉక్కు కర్మాగారం పనికి హిందీ సీమకు వలసొచ్చిన మావాళ్లుండే ఖుర్సీపార్ బస్తీలో, తెలుగు సంఘం మేడ మీద లౌడ్‌స్పీకర్లు కట్టి, మేం కుర్రాళ్లం రోజూ సాయంత్రం తెలుగు వార్తలు వినిపించేవాళ్లం. బస్తీవాళ్లు దాన్ని ‘మన రేడియో’ అనేవారు. చదివేది నేను. హిందీ బడిలో చదివిన నాకు తెలుగు కూడబలుక్కుంటేగానీ రాదు. గొంతు మాత్రం గంభీరమని నా నమ్మకం.

ఆ గంభీరమైన గొంతుతోనే ఒకరోజు, వరద బాధితులను మంత్రిగారు ‘పరామర్శించారు’ అనబోయి ‘పరిమార్చారు’ అన్నాను. నవ్వులు సుపేలా బజారు దాకా పాకాయి. ఇక మైకు ముట్టనని ఒట్టేసుకుని, మర్నాడు ముసుగుతన్ని పడుకున్నాను.

ఆ మర్నాడు పక్క వీధి గున్నమ్మ వచ్చింది.

“ఏటి బాబూ, నిన్న వార్తలు సదవనేదేటి?”

“మొన్న విన్నావుగా పిన్నీ, నవ్వులపాలయ్యాను.”

“అందుకే వచ్చినాను. పురిట్లో బిడ్డ పోయినకాడి నుంచి మా కోడలు నోరిప్పనేదు. మొన్న నీ వార్త ఇని పడీపడీ నవ్వింది. నిన్న గుమ్మంలో కూకుని నీకోసమే సూసింది బాబూ.”

ఆ సాయంత్రం మళ్లీ మైకు ముందు కూర్చున్నాను. ఆమె కోసం చివర్లో కావాలని ఒక తప్పు చదవాలనుకున్నాను.

అంతదాకా అవసరం రాలేదు. మొదటి వాక్యంలోనే ఏం తప్పు చదివానోగానీ, అది ముగించగానే పక్క వీధిలో ఒక ఆడగొంతు పకపకా నవ్వింది.