ధనంజయ పేరు మీద

"ఇంగువ తగ్గించమని నిన్ననే చెప్తిని కదా," అంది శకుంతలమ్మ.

"తగ్గించే ఏసినానత్తా."

"అయితే నా ముక్కే పాడైపోయిండాది."

కోడలు హేమశ్రీ మిద్దె మీది గదికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమె రాసేది ఆస్పత్రుల్లో మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాం. ఆమె కోడ్ మార్చినప్పుడల్లా తయారైన ఫైళ్ళు వాటంతటవే ఫైళ్ళు దాచే వేరే చోటికి, అంటే రిపాజిటరీకి చేరతాయి. ఆస్పత్రులు అక్కణ్ణించే తీసుకుంటాయి. ఆ ఏర్పాటును తోటి ఉద్యోగి ధనంజయ తొందరలో తన సొంత అకౌంటుతోనే నడిపించాడు. అందుకే అతను చనిపోయి రెండు నెలలైనా ప్రతి ఫైలూ అతని పేరు మీదే వెళ్తోంది. రేపు ఆ అకౌంటు తీసేయమని ఆఫీసు ఆమెకే చెప్పింది.

ఇవాళ ఆమె కోడ్ ముట్టుకోలేదు. అయినా ఏడూ నలభైకి కొత్త ఫైలు వెళ్ళింది. నిన్నటిదాని పక్కన పెట్టి చూసింది. తేడా ఒక్క దశాంశ చుక్క. నిన్నటి ఫైలు ప్రకారం పసిబిడ్డలకు జ్వరం మందు పదింతలు పడుతుంది. కొత్తదాంట్లో లెక్క సరిగ్గా ఉంది. ఆమె కోడ్‌లో మాత్రం ఆ తప్పు ఇంకా అలాగే ఉంది.

రేణిగుంట వైపు గూడ్సుబండి కూత ఆగిపోయింది. గదిలో కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు నెమ్మదిగా వినిపించింది. ఆమె చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

అన్నాల దగ్గర భర్త బాలచంద్ర అడిగాడు. "ఏమట్లుండావు?"

"తప్పు నాదని ఆఫీసుకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినాను," అంది హేమశ్రీ. "రేపు ధనంజయన్న అకౌంటు మాత్రం నేను తీసెయ్యను."